గ్రాండ్ స్లామ్ - కథా కమామీషు

విశేష సంచికకు ఏదైనా రాసి పంపమని మన కార్యదర్శిగారు రెండుసార్లు ఫోను చేశారు. డి.ఏ. బకాయిల గురించి, కమ్యుటేషన్ గురించి, ఆరోగ్య సూత్రాల గురించి నాకంటే బాగా రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నాకు తెలిసిన విద్య ఒక్కటే - బ్రిడ్జి. డబ్బు పెట్టి ఆడే పేకాట కాదని మొదటే మనవి చేసుకుంటున్నాను. ఆఫీసు వదిలాక రిక్రియేషన్ క్లబ్బులో ఒక టీ, రెండు బిస్కట్లతో ఆడిన ఆట.

ఈ వ్యాసానికి కారణం ఒక చిన్న తగాదా. 2015 సెప్టెంబరులో సంఘం నెలవారీ సమావేశానికి వెళ్ళేసరికి అందరూ సంబరంగా ఉన్నారు. మన హైదరాబాదు అమ్మాయి సానియా మీర్జా, మార్టినా హింగిస్‌తో కలిసి అమెరికాలో డబుల్స్ గెలిచింది. "మళ్ళీ గ్రాండ్ స్లామ్ కొట్టిందండీ" అన్నారు ఒక మిత్రులు. నేను ఊరుకోవచ్చు కదా! "గెలిచింది, చాలా సంతోషం. కానీ అది గ్రాండ్ స్లామ్ కాదు" అన్నాను. గదిలో అందరూ నా వైపు తిరిగారు. ఆడపిల్ల గెలిస్తే ఓర్వలేని ముసలాయన అనుకున్నారేమో. టీ పంచేవరకూ ఎవరూ నాతో మాట్లాడలేదు. ఆనాడు చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

గ్రాండ్ స్లామ్ అనేది టెన్నిస్ మాట కాదు, పేకాట మాట. 'స్లామ్' అనే పేరుతో ఇంగ్లాండులో ఒక ముక్కలాటే ఉండేది. 1674లో చార్లెస్ కాటన్ అనే ఆయన ఆటల మీద రాసిన పుస్తకంలో ఆ పేరు కనిపిస్తుంది. తర్వాత వచ్చిన విస్టు అనే ఆటలో పదమూడు ట్రిక్కులూ ఒకే జట్టు గెలిస్తే దాన్ని స్లామ్ అన్నారు. పంధొమ్మిదో శతాబ్దంలో పదమూడూ గెలిస్తే గ్రాండ్ స్లామ్, పన్నెండు గెలిస్తే లిటిల్ స్లామ్ అనే వాడుక వచ్చింది. లిటిల్ స్లామ్‌నే ఇప్పుడు స్మాల్ స్లామ్ అంటున్నాం.

పేకాట తెలియని వారి కోసం రెండు ముక్కలు. (ముక్కలు అన్నాను గదా అని నవ్వకండి.) నలుగురు ఆటగాళ్ళు, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒక జట్టు, ఒక్కొక్కరికి 13 ముక్కలు. నలుగురూ తలా ఒక ముక్క వేస్తే అది ఒక ట్రిక్కు. అందులో పెద్ద ముక్క వేసినవాడిది, లేదా తురుపు వేసి కోసినవాడిది గెలుపు. మొత్తం 13 ట్రిక్కులు. విస్టులో ముక్కలు పంచగానే ఆట మొదలయ్యేది, ఎన్ని వస్తే అన్ని. బ్రిడ్జిలో అలా కాదు. ఆటకు ముందు వేలంపాట ఉంటుంది. కళావరు, డైమను, ఆఠీను, ఇస్పేటు, అన్నిటికీ పైన తురుపు లేని నో ట్రంప్ - ఈ వరుసలో పాట పెరుగుతుంది. మొదటి ఆరు ట్రిక్కులు లెక్కలోకి రావు. "నాలుగు ఇస్పేట్లు" అని పాడితే ఆరూ నాలుగూ పది ట్రిక్కులు చేస్తానని ఒప్పుకోవడం. "ఏడు" అంటే పదమూడూ నావే, ఎదుటివాళ్ళకు ఒక్కటీ ఇవ్వనని అందరి ముందూ చెప్పడం. ఏడుకు మించిన పాట లేదు.

ఇక్కడే అసలు మలుపు ఉంది. పాత ఆక్షన్ బ్రిడ్జిలో మీరు రెండుకు పాడి పదమూడు ట్రిక్కులు చేసినా స్లామ్ బహుమతి వచ్చేది. కళ్ళు మూసుకుని తక్కువకు పాడి, అదృష్టం బాగుంటే అంతా ఊడ్చుకోవచ్చు. ఇదేం న్యాయం అని కొందరికి తోచింది. ఫ్రాన్సులో ప్లాఫాన్ అనే ఆటలో పాడినంత వరకే ఫలం అని పెట్టారు. మన పూనాలో కూడా 1912 ప్రాంతంలో కొందరు ఆంగ్లేయులు అటువంటి పద్ధతితో ఒక ఆట ఆడారు. దాన్ని గట్టి శాసనంగా రాసినవాడు మాత్రం హెరాల్డ్ వాండర్‌బిల్ట్. అమెరికాలో రైలు కంపెనీలతో కోట్లు గడించిన వంశం వాడు, పడవ పందేల్లో దిట్ట. 1925 అక్టోబరు నెలాఖరున 'ఫిన్లాండ్' అనే ఓడలో లాస్ ఏంజెలస్ నుంచి పనామా కాలువ మీదుగా హవానా పోతూ, ముగ్గురు మిత్రులతో కూర్చుని కొత్త లెక్కలు వేసి ఆడి చూశాడు. అదే కాంట్రాక్ట్ బ్రిడ్జి. అప్పటికే ఒక గేము గెలిచిన జట్టును ఏమని పిలవాలో తోచక వెతుకుతుంటే, ఓడలో ఉన్న ఒక యువతి 'వల్నరబుల్' అన్న మాట అందించిందట. అంటే దెబ్బ తగిలితే గట్టిగా తగిలే స్థితి. ఆమె పేరు ఎవరూ రాసుకోలేదు. మాట మాత్రం నేటికీ ప్రతి బ్రిడ్జి బల్ల మీదా వినిపిస్తుంది.

ఆ లెక్క ఇప్పటి అంకెల్లో చెబుతాను. వల్నరబుల్ జట్టు నాలుగు ఇస్పేట్లు పాడి పదమూడు ట్రిక్కులు చేస్తే 710 పాయింట్లు. అవే ముక్కలతో, అవే ట్రిక్కులకు, ముందు ఏడు అని పాడి ఉంటే 2210. తేడా 1500. ఆ పదిహేను వందలూ చేతిలో ముక్కలకు కాదు, నోటితో అన్న మాటకు. పాడి ఒక్క ట్రిక్కు తగ్గితే గేమూ లేదు, స్లామూ లేదు, ఎదురు 100 సమర్పించుకోవాలి. మంచి ముక్కలు ఉండటం వేరు, ఉన్నాయని ధైర్యంగా చెప్పి నిలబెట్టుకోవడం వేరు అన్నది ఈ లెక్కలోని కీలకం. స్లామ్ పాడే ముందు ఎదుటి భాగస్వామి చేతిలో ఎన్ని ఆసులు ఉన్నాయో అడిగే పద్ధతిని 1933లో కనిపెట్టిన ఈస్లీ బ్లాక్‌వుడ్ కూడా మనలాంటి ఉద్యోగస్తుడే. ఇండియానాపొలిస్‌లో ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేసేవాడు.

1930 వచ్చేసరికి అమెరికాలో బ్రిడ్జి పిచ్చి ఇంటింటికీ పాకింది. సరిగ్గా ఆ ఏడాదే బాబీ జోన్స్ అనే అట్లాంటా లాయరు గోల్ఫులో అద్భుతం చేశాడు. డబ్బు తీసుకోకుండా ఆడే అమెచ్యూర్. సెంట్ ఆండ్రూస్‌లో బ్రిటిష్ అమెచ్యూర్, హోయ్‌లేక్‌లో బ్రిటిష్ ఓపెన్, ఇంటర్‌లాకెన్‌లో అమెరికన్ ఓపెన్, చివరికి సెప్టెంబరులో మెరియన్‌లో అమెరికన్ అమెచ్యూర్ - నాలుగూ ఒకే ఏడాది గెలిచాడు. దీన్ని ఏమనాలో పత్రికలవాళ్ళకు తోచలేదు. ఒకాయన కోట గోడల పోలికతో నోరు తిరగని పేరొకటి పెట్టాడు. అది నిలవలేదు. జోన్స్ వెంట ఊరూరా తిరిగిన అట్లాంటా విలేఖరి ఓ.బి. కీలర్ మాత్రం బ్రిడ్జి బల్ల మీది మాట తీసి గ్రాండ్ స్లామ్ అన్నాడు. చదివేవాళ్ళలో సగంమంది రాత్రిపూట బ్రిడ్జి ఆడేవాళ్ళే గనుక ఆ మాట అతుక్కుపోయింది. జోన్స్ 28 ఏళ్ళకే పోటీల నుంచి విరమించుకున్నాడు. మనకు 58 ఏళ్ళకు కూడా మనసొప్పలేదు!

పేకాటలో గ్రాండ్ స్లామ్ అంటే 'అన్నీ'. పదమూడుకు పదమూడు. గోల్ఫులోకి రాగానే అది 'నాలుగు' అయింది. ఆ నాలుగు అంకె ఇక మాటను వదల్లేదు.

మూడేళ్ళకు టెన్నిస్ వంతు వచ్చింది. 1933లో ఆస్ట్రేలియా ఆటగాడు జాక్ క్రాఫోర్డ్ తన దేశంలోనూ, ఫ్రాన్సులోనూ, వింబుల్డన్‌లోనూ గెలిచి అమెరికా ఫైనల్‌కు చేరాడు. ఇది కూడా గెలిస్తే కోర్టు మీద గ్రాండ్ స్లామ్ చేసినట్టే అని, అదీ ఎదుటివాడు డబుల్ చెప్పిన వల్నరబుల్ స్లామ్ అని, న్యూయార్క్ టైమ్స్‌లో జాన్ కీరన్ అచ్చమైన బ్రిడ్జి భాషలో రాశాడు. క్రాఫోర్డ్ ఉబ్బసం మనిషి. ఫ్రెడ్ పెర్రీ మీద రెండు సెట్లు ఒకటి ఆధిక్యంలోకి వచ్చాడు. ఇంకొక్క సెట్టు చాలు. తర్వాతి రెండు సెట్లూ 0-6, 1-6తో పోయాయి. అంటే టెన్నిస్‌లో గ్రాండ్ స్లామ్ అన్న మాట స్థిరపడింది గెలిచినవాడి వల్ల కాదు, ఒక్క ట్రిక్కు తగ్గినవాడి వల్ల!

మొదట సాధించినవాడు డాన్ బడ్జ్, 1938లో. ఆయన సంగతి నాకు మరీ ఇష్టం. నాలుగూ గెలవాలని ముందు ఏడాదే నిశ్చయించుకుని, ఆ మాట తన డబుల్స్ భాగస్వామి జీన్ మాకో ఒక్కడికే చెప్పాడు. బ్రిడ్జిలో పాట అంటే అదే గదా, ఎదురుగా కూర్చున్నవాడికి చెప్పడం. తీరా అమెరికా ఫైనల్‌లో ఎదురుపడినవాడు ఆ మాకోనే! బడ్జ్ గెలిచాడు. ఆ తర్వాత సింగిల్స్‌లో 1953లో మౌరీన్ కానలీ, 1962లోనూ మళ్ళీ 1969లోనూ రాడ్ లేవర్, 1970లో మార్గరెట్ కోర్ట్, 1988లో స్టెఫీ గ్రాఫ్. గ్రాఫ్ ఆ ఏడాదే సియోల్ ఒలింపిక్స్ స్వర్ణం కూడా కలుపుకుంది. 2021లో చక్రాల కుర్చీ టెన్నిస్‌లో డిలన్ ఆల్కాట్, డీడ డి గ్రోట్ ఆ అయిదూ గెలిచారు. అదే ఏడాది జొకోవిచ్ మూడు గెలిచి చివరి ఫైనల్‌లో ఓడాడు. క్రాఫోర్డ్ కథే మళ్ళీ.

ఇంత కష్టమైనది గనుకనే కాబోలు, పత్రికలవాళ్ళు మెల్లగా మాటను చౌక చేశారు. నాలుగు పోటీలూ గెలిస్తే గ్రాండ్ స్లామ్ అన్నది పోయి, ఆ నాలుగింటిలో ప్రతి ఒక్కదానికీ గ్రాండ్ స్లామ్ టోర్నమెంటు అని పేరు వచ్చింది. మొత్తానికి ఉన్న పేరు ముక్కకు పెట్టినట్టు. జొకోవిచ్‌కు 24 గ్రాండ్ స్లామ్‌లు అని రాస్తే మా క్లబ్బు సూపరింటెండెంటుగారు పేపరు మడిచి పక్కన పెట్టేవారు.

ఇప్పుడు సానియా సంగతి. పేపరు లెక్క ప్రకారం ఆరు గ్రాండ్ స్లామ్‌లు. పేకాట లెక్క వేసి చూద్దాం. మిక్స్‌డ్ డబుల్స్‌లో మహేష్ భూపతితో 2009లో ఆస్ట్రేలియా, 2012లో ఫ్రాన్సు, బ్రూనో సోరెస్‌తో 2014లో అమెరికా. అందులో వింబుల్డన్ ఒక్కటి తక్కువ. మహిళల డబుల్స్‌లో హింగిస్‌తో 2015లో వింబుల్డన్, అమెరికా, 2016 జనవరిలో ఆస్ట్రేలియా, వరుసగా మూడు. అందులో ఫ్రాన్సు ఒక్కటి తక్కువ. 2016లో ఫ్రెంచి ఓపెన్ కూడా గెలిస్తే నాలుగు కప్పులూ ఒకేసారి ఆ జంట చేతిలో ఉండేవి. మూడో రౌండులో ఇద్దరు చెక్ అమ్మాయిల చేతిలో ఓడారు. రెండు విభాగాలనూ కలిపి చూస్తే నాలుగు ఊళ్ళలోనూ గెలిచింది, ఏ ఒక్క విభాగంలోనూ నాలుగూ లేవు. ఆనాడు నేను అన్నది ఇదే. ఆమెను తక్కువ చేయడం కాదు. రెండు చేతుల్లోనూ స్మాల్ స్లామ్ చేసిన మనిషి మన ఊళ్ళో ఇంకెవరున్నారు?

మిగిలిన ఆటల సంగతి త్వరగా చెప్పి ముందుకు పోతాను. రగ్బీలో యూరపు దేశాల వార్షిక పోటీలో ఎదురైన ప్రతి జట్టునూ ఓడిస్తే గ్రాండ్ స్లామ్. ఇది పేకాట అర్థానికి దగ్గర. బేస్‌బాల్‌లో మూడు బేసుల్లోనూ మనుషులు ఉండగా బ్యాటరు హోమ్ రన్ కొడితే నలుగురూ ఇంటికి వస్తారు, నాలుగు పరుగులు, అదొక గ్రాండ్ స్లామ్. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్ళొచ్చిన మన సభ్యులకు డెన్నీస్ హోటళ్ళు తెలిసే ఉంటాయి. అక్కడ 1977 నుంచి గ్రాండ్ స్లామ్ అంటే పొద్దుటి ఫలహారం. రెండు పాన్‌కేకులు, రెండు గుడ్లు, ఇంకా మనలో కొందరు ముట్టనివి రెండు రకాలు, అవీ రెండేసి. నేను పాన్‌కేకులు మాత్రం తిని స్లామ్ చేయలేక లేచాను.

ఆటల్లో తిరిగిన మాట యుద్ధంలోకి కూడా పోయింది. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో బార్న్స్ వాలిస్ అనే బ్రిటిష్ ఇంజనీరు 22,000 పౌన్ల బాంబు, అంటే సుమారు పది టన్నులది, తయారు చేశాడు. దాని పేరు గ్రాండ్ స్లామ్. నేరుగా తగలనక్కరలేదు. పక్కన భూమిలోకి దిగి పేలితే పునాదులు కదిలిపోతాయి. 1945 మార్చి 14న మొదటిసారి ఒక లాంకాస్టర్ విమానం దాన్ని జర్మనీలోని బీలెఫెల్డ్ దగ్గర వేసింది. ఎన్నో దాడులకు చెక్కుచెదరని కట్టడం ఆ రోజు కూలింది. ఏమిటది? రైలు వంతెన. బ్రిడ్జి!

రెండోది 1960 మే 1. అమెరికా గూఢచారి విమానం యు-2ను ఫ్రాన్సిస్ గ్యారీ పవర్స్ పెషావరు నుంచి ఎక్కించాడు. సోవియట్ దేశాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు దాటి నార్వేలో దిగాలి. అంతవరకు అలా అడ్డంగా ఎవరూ దాటలేదు. ఆ యాత్రకు పెట్టిన రహస్య నామం గ్రాండ్ స్లామ్. అనుమతి ఇచ్చిన అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ బ్రిడ్జి అంటే ప్రాణం పెట్టే మనిషి. స్వెర్‌డ్లోవ్‌స్క్ దగ్గర క్షిపణి తగిలి విమానం కూలింది, పవర్స్ ప్రాణాలతో దొరికిపోయాడు. 1962 ఫిబ్రవరిలో రష్యా గూఢచారి ఒకరికి మారుగా ఆయన్ని విడిచిపెట్టారు. ఎక్కడ? బెర్లిన్ అంచున గ్లీనికే వంతెన మీద. ఇక్కడా బ్రిడ్జే.

మూడోది మనదే. 1965 సెప్టెంబరు 1 తెల్లవారుజామున ఛంబ్ ప్రాంతం మీద పాకిస్తాన్ ఫిరంగులు మోగాయి. అప్పుడు నేను డిగ్రీ విద్యార్థిని. హాస్టల్లో ఒక్కటే రేడియో, దాని చుట్టూ అరవైమందిమి. ఛంబ్ పోయింది, జౌరియాన్ పోయింది అని వింటుంటే అన్నం దిగేది కాదు. వాళ్ళ గురి చీనాబ్ నది మీది అఖ్నూర్ వంతెన. అది పోతే జమ్మూ పశ్చిమ భాగాలకు మన సైన్యానికి దారి తెగిపోతుంది. ఆ దాడికి వాళ్ళు పెట్టుకున్న పేరు ఆపరేషన్ గ్రాండ్ స్లామ్ అని నాకు చాలా ఏళ్ళ తర్వాతగానీ తెలియలేదు. సెప్టెంబరు 2న, దాడి సగంలో ఉండగా, అక్తర్ హుస్సేన్ మలిక్‌ను తప్పించి యాహ్యాఖాన్‌కు నాయకత్వం ఇచ్చారు. పాట పాడిన చెయ్యి ఒకటి, ముక్కలు ఆడిన చెయ్యి ఒకటి. 6న మన సైన్యం లాహోరు వైపు కదిలింది. అఖ్నూర్ వంతెన వాళ్ళకు చిక్కలేదు. పేకాట ఆడేవాడిగా ఒక్కటి చెప్పగలను: పదమూడో ట్రిక్కు చేతికి రాకముందే పేరు పెట్టుకోవడం మంచిది కాదు. ఇయాన్ ఫ్లెమింగ్ నవలలో గోల్డ్‌ఫింగర్ అనే దుర్మార్గుడు అమెరికా బంగారు ఖజానాను దోచే పథకానికి పెట్టుకున్న పేరు కూడా ఇదే. వాడి గతి సినిమా చూసినవారికి తెలుసు.

మరో సంగతి. బ్రిడ్జి ఆటకూ వంతెనకూ అసలు చుట్టరికమే లేదు. 1886లో లండన్‌లో అచ్చయిన ఒక చిన్న పుస్తకంలో ఈ ఆట పేరు 'బిరిచ్'. ఇంగ్లీషువాళ్ళ నోట పడి బ్రిడ్జి అయింది.

ఇక నా స్లామ్ సంగతి. చెప్పకుండా ముగిస్తే సూపరింటెండెంటుగారికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. 1981లో ఆఫీసుల మధ్య జరిగిన పోటీలో ఫైనల్, ఆఖరి పంపకం. మేము వల్నరబుల్. ఆయన ఎదురుగా కూర్చుని ఆరు ఇస్పేట్లు అన్నారు. అక్కడ ఆగితే పన్నెండు ట్రిక్కులు గ్యారంటీ, 1430 పాయింట్లు. నేను ఏడు అన్నాను. పదమూడో ట్రిక్కుకు కళావరు రాజు నా ఎడమవైపు వారి దగ్గర ఉండాలి. ఉంటే 2210. కుడివైపు ఉంటే పోయింది. ఉంది కుడివైపు. కప్పు పోయింది. ఆయన ఒక్క మాట అనలేదు. ముక్కలు సర్ది పెట్టెలో పెట్టి, "టీ చెప్పవయ్యా" అన్నారు. తర్వాత ఆరేళ్ళు కలిసి ఆడాం. నాతో ఆడినప్పుడు ఆయన మళ్ళీ ఎన్నడూ స్లామ్ దాకా పాట పెంచలేదు. తిట్టినా బాగుండేది.

అవకాశం చెరిసగం గదా, నేను చేసింది తప్పెలా అవుతుందని చాలాకాలం నాలో నేను వాదించుకున్నాను. రిటైరయ్యాక ఒక మధ్యాహ్నం కాగితం తీసుకుని లెక్క వేశాను. కళావరు రాజు ఎడమవైపు ఉంటే, ఆరు పాడినా పదమూడు వచ్చి 1460 వచ్చేవి. ఏడు పాడినందువల్ల నాకు అదనంగా దక్కేది 750. రాజు కుడివైపు ఉంటే 1430 పోయి, పైగా 100 ఎదురు, అంటే నష్టం 1530. ఏడు వందల యాభై కోసం పదిహేను వందల ముప్పై ఒడ్డాను. మూడింట రెండు వంతుల నమ్మకం ఉంటే తప్ప పాడకూడని పాట అది. నాకున్నది సగం. ఆయన బల్ల దగ్గర అరనిమిషంలో చూసినది నాకు తెలియడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది.

ఆ కాగితం జేబులో పెట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. అప్పటికి ఆయన మంచం మీద ఉన్నారు, చూపు తగ్గింది. అంకెలు చదివి వినిపించాను. "తప్పు నాదేనండీ" అన్నాను. ఆయన కాసేపు పైకప్పు చూసి, "ఆ కళావరు రాజు ఎటు ఉందయ్యా?" అని అడిగారు.

"కుడివైపండీ."

"ఎడమవైపు ఉండి ఉంటే ఆఫీసంతా నిన్ను భుజాన వేసుకుని తిప్పేవాణ్ణి" అన్నారు. తర్వాత దిండు కింద తడిమి పేక దస్తా తీశారు. నన్ను పంచమన్నారు.